కోరలైన్ 7 ఏళ్ళ పాపకి చూపించొచ్చా? లైకా వాళ్ళ బొమ్మల సినిమాలు అసలు పిల్లలవేనా?

మీరు అడిగింది ఇదీ: పాపకి 7 ఏళ్ళు, స్కూల్లో ఫ్రెండ్ ఎవరో చూశానని చెప్పిందట, అప్పట్నుంచి కోరలైన్ కోరలైన్ అని ఇంట్లో ఒకటే గొడవ. బొమ్మలతో తీసింది కదా, పిల్లల సినిమానే అయ్యుంటుందిలే అని మీరు ముందుగా ఓ 10 నిమిషాలు చూస్తే మీకే వెన్నులో చలి పుట్టింది. చూపించాలా వద్దా, ఆ స్టూడియో సినిమాలన్నీ ఇంతేనా, పిల్లల కోసం తీస్తూ ఇంత భయంగా ఎందుకు తీస్తారు అని.

సూటిగా చెప్పేస్తా. కోరలైన్ ఇప్పుడే వద్దండి. 9 దాటాక, పగటిపూట, మీరు పక్కన కూర్చుని చూపించండి. ఈలోపు పాప ఊరుకోదు కాబట్టి అదే స్టూడియోది మిస్సింగ్ లింక్ పెట్టండి, అది నచ్చితే బాక్స్‌ట్రోల్స్. ఇక అన్నీ ఇంతేనా అంటే, కాదు. కానీ ఒక్కటి కూడా జోలపాట లాంటి సినిమా కాదు, ప్రతిదాంట్లో ఎక్కడో ఒకచోట నిజమైన భయం ఒకటి పెట్టుకుంటారు వీళ్ళు, అది వాళ్ళ పద్ధతి.

నేనెవరు చెప్పడానికి అంటే, హైదరాబాద్‌లో 14 ఏళ్ళుగా స్టాప్ మోషన్ బొమ్మలు చేస్తున్నా, అంటే బొమ్మని కొంచెం కొంచెం జరుపుతూ ఒక్కో ఫొటో తీసి, అన్నీ కలిపి కదిలినట్టు చూపించడం. యాడ్స్‌కి, షార్ట్ ఫిల్మ్స్‌కి, ఎండాకాలం సెలవుల్లో పిల్లలకి వర్క్‌షాపులు. లైకాలో పని చేయలేదు, ఆ గేటు కూడా చూడలేదు, అది ముందే చెప్తున్నా. కానీ వాళ్ళ సినిమాలు ఫ్రేము ఫ్రేము ఆపుకుని చూసి నేర్చుకున్నదాన్ని, పైగా ఇవి పిల్లల గుంపుతో చాలాసార్లు చూశా, కొన్నిసార్లు చూపించకూడని పిల్లలకి చూపించి చీవాట్లు కూడా తిన్నా.

మొదట ఒక కన్ఫ్యూజన్ తీసేద్దాం. లైకా అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది 2.0, పొన్నియిన్ సెల్వన్ తీసిన చెన్నై లైకా. అది వేరు, తెలుగులో రాస్తే రెండూ ఒకటే అయిపోతాయి గానీ ఇంగ్లీషు స్పెల్లింగే వేరు. ఇది అమెరికాలో ఒరెగన్ రాష్ట్రంలో పోర్ట్‌లాండ్ పక్కన హిల్స్‌బరోలో ఉన్న స్టూడియో. అంతకుముందు అక్కడ విల్ వింటన్ అని ఒకాయన బంకమట్టి బొమ్మలతో యానిమేషన్ చేసేవాడు, క్లేమేషన్ అనే మాట ఆయనదే. ఆ స్టూడియో డబ్బుల ఇబ్బందుల్లో పడితే నైకీ కంపెనీ ఫిల్ నైట్ తీసుకున్నాడు, 2005లో లైకా అని పేరు మారింది. ఫిల్ నైట్ కొడుకు ట్రావిస్ నైట్ అక్కడే యానిమేటర్‌గా బొమ్మలు కదిపినవాడు, తర్వాత ఆయనే స్టూడియో నడుపుతున్నాడు. పేరు వచ్చేసి 1957లో రష్యా వాళ్ళు అంతరిక్షంలోకి పంపిన కుక్కది. తిరిగి రాని కుక్క పేరు పిల్లల సినిమాలు తీసే స్టూడియోకి పెట్టుకున్నారంటేనే వీళ్ళ ధోరణి మీకు కొంత అర్థమైపోవాలి.

ఇప్పటిదాకా వచ్చినవి 5 సినిమాలు. కోరలైన్ 2009, పారానార్మన్ 2012, బాక్స్‌ట్రోల్స్ 2014, కూబో అండ్ ద టూ స్ట్రింగ్స్ 2016, మిస్సింగ్ లింక్ 2019. కోరలైన్‌ని చాలామంది హాలీవుడ్ డైరెక్టర్ టిమ్ బర్టన్ సినిమా అంటారు, కాదండి, హెన్రీ సెలిక్ తీశాడు. టిమ్ బర్టన్‌దే అని అందరూ అనుకునే నైట్‌మేర్ బిఫోర్ క్రిస్మస్ కూడా డైరెక్ట్ చేసింది ఇతనే, పాపం రెండు చోట్లా పేరు ఇంకొకరికి పోయింది.

ఇప్పుడు అసలు విషయం. మీరు 10 నిమిషాలు చూశానన్నారు, అంటే సూదుల్లాంటి ఇనప చేతులు ఒక గుడ్డబొమ్మని విప్పి, లోపలి దూదంతా లాగేసి, మళ్ళీ కుట్టి ఇంకో బొమ్మగా చేస్తాయే, ఆ టైటిల్స్ చూసి ఉంటారు. నిజం చెప్పాలా, ఆ సినిమాలో భయపెట్టేది అది కాదు. అది చూసి చాలామంది పిల్లలు నోరు తెరుచుకుని "ఎలా కుట్టారు" అని అడుగుతారంతే. అసలు భయం చాలా తర్వాత, మెల్లగా వస్తుంది, అందుకే మొదటి 10 నిమిషాలు చూసి ఈ సినిమా గురించి ఏదీ తేల్చుకోకూడదు, అటూ ఇటూ కూడా.

కథ కొంచెం చెప్పక తప్పదు, స్పాయిలర్ అనుకుంటే ఈ పేరా వదిలేయండి. కోరలైన్ వాళ్ళ అమ్మానాన్నకి పని ఒత్తిడి, ఇద్దరూ కంప్యూటర్ల ముందే, పిల్ల మాట్లాడితే తర్వాత తర్వాత అంటారు, నాన్న వండే కూర చూస్తేనే వాంతొచ్చేలా ఉంటుంది. గోడలో చిన్న తలుపు, ఆ తలుపు అవతల అచ్చం ఇలాంటి ఇల్లే, అచ్చం ఇలాంటి అమ్మే, కానీ ఈ అమ్మ నవ్వుతూ వేడివేడిగా వండి పెడుతుంది, టేబుల్ మీద చిన్న రైలు గ్రేవీ మోసుకొస్తుంది, పైన షాండ్లియర్ లోంచి మామిడిపండు మిల్క్‌షేక్ పడుతుంది. తేడా ఒక్కటే, కళ్ళ బదులు నల్ల గుండీలు. కొన్నాళ్ళయ్యాక ఆ అమ్మ ఒక చిన్న పెట్టె ముందుకి తోస్తుంది, అందులో రెండు గుండీలు, సూది, దారం. ఇక్కడే ఉండిపో తల్లీ, కళ్ళకి ఇవి కుట్టించుకుంటే చాలు అని. రక్తం లేదు, అరుపు లేదు, భోజనాల బల్ల దగ్గర అమ్మ ప్రేమగా మాట్లాడుతుందంతే. 7 ఏళ్ళ పిల్లకి దయ్యం కంటే ఇది ఎన్ని రెట్లు ఎక్కువో మీరే ఆలోచించండి, దయ్యం నుంచి పారిపోతే అమ్మ దగ్గరికి పోవచ్చు, మరి ఇక్కడ?

ఆ గుండీల గురించి ఒక బొమ్మలు చేసేదానిగా చెప్తా, ఇది నా సొంత అనుభవం. చాలా ఏళ్ళ క్రితం ఒక పచ్చళ్ళ యాడ్‌కి అమ్మమ్మ బొమ్మ చేశాం, తల తెల్ల పొణికి చెక్కతో చెక్కించి, లోపల అల్యూమినియం తీగ, చీర నిజం వెంకటగిరి ముక్క, ఎంత ముద్దుగా వచ్చిందో. బడ్జెట్ తక్కువని కళ్ళకి నల్ల పూసలు అతికించేశాం, రెప్పల్లేవు. షూట్ అయ్యాక క్లయింట్ చూసి మొహం మాడ్చి "మేడం, మామ్మగారు మమ్మల్ని చంపేసేలా ఉన్నారు" అన్నాడు. బొమ్మకి ప్రాణం వచ్చేది చేతులు ఊపితే కాదండి, చూపుతో. ముందు కన్ను తిరగాలి, రెప్ప వాలాలి, ఆ తర్వాతే తల తిరగాలి. మేం సగం టైమ్ గుండుసూదితో కనుపాప అర మిల్లీమీటరు జరపడంలోనే గడుపుతాం. ఆ చూపు తీసేస్తే మనిషిలా కదులుతుంది గానీ ఎటు చూస్తోందో మనకి తెలీదు, మనల్నే చూస్తోందేమో అనిపిస్తుంది. మాకు పొరపాటున జరిగింది, వాళ్ళు కావాలని చేశారు, అంతే తేడా. యాడ్ మొత్తం మళ్ళీ తీశాం, నా జేబులోంచి.

ఇంకో సంగతి, ఇది తెలిశాక నాకు సెలిక్ మీద గౌరవం పెరిగింది. కోరలైన్ 3డిలోనే షూట్ చేసిన స్టాప్ మోషన్ సినిమా, ఫుల్ లెంగ్త్ వాటిలో అదే మొదటిది. మామూలు ఇంటి సెట్లు లోతు తక్కువగా నొక్కేసినట్టు కట్టారు, రంగులు కూడా బూడిద బూడిదగా, చూస్తే ఉక్కగా ఉంటుంది. అవతలి ఇంటి సెట్లు అవే గదులు, కానీ లోతుగా విశాలంగా వెచ్చటి రంగుల్లో. అంటే ప్రేక్షకుడికి కూడా తెలీకుండానే ఆ మాయ ఇల్లే హాయిగా అనిపించాలి, ఉచ్చులో మనమూ పడాలి. మీ టీవీలో 3డి లేకపోయినా రంగుల తేడా చాలు పని చేయడానికి. కాబట్టి మీ పాప మొదటి అరగంట ముప్పావుగంట "నాన్నా ఎంత బాగుందో" అని గంతులేస్తుంది, అప్పుడు మీరు హమ్మయ్య అనుకుని లేచి ఫోన్ మాట్లాడుకోడానికి పోతారు చూడండి, సరిగ్గా అప్పుడు పెట్టె తెరుచుకుంటుంది.

మొహాల గురించి కూడా రెండు ముక్కలు, ఎందుకంటే వీళ్ళ భయం ఇంత సన్నగా పని చేయడానికి కారణం అదే. మట్టి బొమ్మ అయితే మూతి వేలితో నొక్కి మార్చాలి, ముతగ్గా వస్తుంది. లైకా వాళ్ళు మొహాన్ని కనుబొమ్మల భాగం, నోటి భాగం అని రెండు ముక్కలు చేసి, కంప్యూటర్లో ఒక్కో ఎక్స్‌ప్రెషన్ తయారుచేసి 3డి ప్రింటర్‌లో వేల మొహాలు తీస్తారు, ప్రతి ఫ్రేముకి ఒకటి ఊడదీసి ఇంకోటి తగిలిస్తారు, వెనక అయస్కాంతం ఉంటుంది. రెండు ముక్కల మధ్య గీత తర్వాత కంప్యూటర్లో చెరిపేస్తారు. కోరలైన్‌కి ప్రింట్ అయిన మొహాలకి చేత్తో రంగులేశారు, పారానార్మన్ నుంచి రంగుతో సహా ప్రింట్ అయ్యాయి. ఈ పద్ధతికే 2016లో ఆస్కార్ సంస్థ వాళ్ళు బ్రయన్ మెక్లీన్, మార్టిన్ మెనియర్ అనే ఇద్దరికి టెక్నికల్ అవార్డు ఇచ్చారు. దీనివల్ల ఏమైందంటే అవతలి అమ్మ నవ్వు ఒక్క వెంట్రుకవాసి బిగుసుకుంటే కూడా తెలుస్తుంది. పెద్దవాళ్ళం మనం మాటలు వింటాం, పిల్లలు అమ్మ మొహం చదువుతారు, పొద్దున లేచిన దగ్గర్నుంచి వాళ్ళ పనే అది.

మా ఇంటి కథ చెప్తా. మావాడికి 6 ఏళ్ళప్పుడు నేనే కోరలైన్ పెట్టా, అమ్మ బొమ్మలు చేస్తుంది, వాడు వర్క్‌షాప్‌లోనే పెరిగాడు, ఊడిన తలలు చేతులు మధ్య అన్నం తిన్నాడు, వీడికేం భయం అని. నిజంగానే సినిమా అయిపోయేదాకా కిక్కురుమనలేదు. రెండు రోజుల తర్వాత పొద్దున్నే స్కూల్ చొక్కాకి గుండీ ఊడిపోతే, మా అత్తయ్య వాడిని ఎదురుగా నిలబెట్టి చొక్కా ఒంటి మీద ఉండగానే కుట్టేద్దామని సూదిలో దారం ఎక్కించింది. అంతే, ఇల్లు ఎగిరిపోయేలా కేకలు. ఆవిడకి ఏమీ అర్థం కాలేదు, నాకు అర్థమైంది గానీ చెప్పే ధైర్యం లేదు. నెల రోజులు పిన్నీసుతో పంపించాం స్కూలుకి. భయం సినిమా చూస్తున్నప్పుడు కనపడదండి, తర్వాత ఇంట్లో ఏదో వస్తువు పట్టుకుని బయటికొస్తుంది. అందుకే "మా పిల్ల చూసింది, ఏం భయపడలేదు" అని ఎవరన్నా చెప్తే నేను వారం ఆగి చెప్పమంటా.

అయితే వయసు ఒక్కటే లెక్క కాదు, ఆ సమయంలో ఇంట్లో ఏం నడుస్తోందో కూడా చూడాలి. ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నది. ఒక ఎండాకాలం వర్క్‌షాప్‌లో 10, 11 ఏళ్ళ పిల్లలకి కూబో వేశా. కూబో అన్నిటికంటే అందమైనది నా లెక్కలో, జపాన్ కథ, కాగితం బొమ్మలు వాటంతటవే మడుచుకుని లేస్తాయి, అందులో అస్థిపంజరం బొమ్మ 16 అడుగుల ఎత్తు, నిజంగా కట్టారు దాన్ని. పిల్లలంతా ఆ అస్థిపంజరం దగ్గర ఈలలు వేశారు. ఒక్క బాబు మాత్రం అంతకు ముందే, కూబో వాళ్ళమ్మ వాడిని కాపాడి తను ఉండిపోయే చోట, లేచి బయట మెట్ల మీద కూర్చున్నాడు. సాయంత్రం వాళ్ళ నాన్నగారు వస్తే తెలిసింది, వాళ్ళమ్మ ఆన్‌సైట్ వెళ్ళి మూడు నెలలైందట, వీడు రోజూ రాత్రి వీడియో కాల్‌లో అమ్మ ఎప్పుడొస్తావు అంటున్నాడట. 11 ఏళ్ళవాడు, దయ్యాల గేములు ఆడేవాడు. అప్పట్నుంచి ఏ సినిమా వేసే ముందైనా తల్లిదండ్రులకి ఒక మెసేజ్ పెడతా, ఇందులో ఇది ఉంది, మీ ఇంట్లో ఇలాంటిదేమన్నా ఉంటే చెప్పండి అని. మీ ఇంట్లో కూడా ఈమధ్య ఎవరన్నా పోయినా, ఇల్లు మారినా, మీ ఇద్దరిలో ఒకరు దూరంగా ఉంటున్నా కోరలైన్, కూబో రెండూ ఇంకో ఏడాది వెనక్కి జరపండి.

మిగతావి గబగబా చెప్తా.

మిస్సింగ్ లింక్: అన్నిట్లో తేలిక. 8 అడుగుల జంతువు లాంటి మనిషి, ఒక డాంబికం ఇంగ్లీషు దొర, హిమాలయాల దాకా ప్రయాణం. కొంచెం తుపాకులు, లోయలో వేలాడటాలు అంతే. 7 ఏళ్ళకి హాయిగా పెట్టొచ్చు. కాకపోతే కొన్ని జోకులు ఇంగ్లీషు మాటల మీద ఆడేవి, పాపకి అందకపోవచ్చు.

బాక్స్‌ట్రోల్స్: అట్టపెట్టెలు తొడుక్కునే చిన్న చిన్న భూతాలు, వాటి దగ్గర పెరిగిన ఒక పిల్లాడు. భూతాలు పిల్లల్ని తినేస్తాయని ఊళ్ళో పుకారు పుట్టించి పెద్దమనిషి అయిపోదామని చూసేవాడు విలన్. పుకారు పుట్టించి ఓట్లు దండుకోడం మనకి కొత్తేం కాదు, పెద్దవాళ్ళు బాగా ఎంజాయ్ చేస్తారు. విలన్‌కి చీజ్ పడదు, తింటే మొహం వాచిపోయి బుడగల్లా ఉబ్బుతుంది, పిల్లలు ఛీ ఛీ అంటూ పడి పడి నవ్వుతారు, కొంతమందికి మాత్రం డోకొస్తుంది. భోజనాల టైమ్‌లో పెట్టకండి.

పారానార్మన్ గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెప్పాలి, నాకు అది ఇష్టం, జనం దాన్ని సరిగ్గా పట్టించుకోలేదు. చచ్చిపోయినవాళ్ళు కనపడే పిల్లాడు నార్మన్, వాడి నిక్కపొడుచుకున్న జుట్టు మేక వెంట్రుకలతో చేశారు. పోస్టర్ చూస్తే జాంబీల సినిమా. కానీ అందులో జాంబీలు భయపెట్టడానికి రారు, 300 ఏళ్ళ క్రితం మంత్రగత్తె అని ఒక మనిషికి ఉరిశిక్ష వేసినవాళ్ళు వాళ్ళు, ఆ మంత్రగత్తె ఎవరంటే నార్మన్ వయసు చిన్నపిల్ల. ఆ పిల్ల ఆత్మ లేవకుండా ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు వెళ్ళి సమాధి దగ్గర నిద్రపుచ్చే కథ చదువుతుంటారు. నార్మన్ వెళ్ళి ఆ పుస్తకం పక్కన పడేసి, నీకు ఏం జరిగిందో నాకు తెలుసు అని ఆ పిల్లతో మాట్లాడతాడు. మీరు ఎందుకింత భయంగా తీస్తారు అని అడిగారు కదా, నాకు దొరికిన జవాబు ఈ సీన్‌లోనే ఉంది. కథ చెప్పి పడుకోబెట్టేయడం కాకుండా, అవును ఇది భయంగానే ఉంటుంది అని పిల్లతో ఒప్పుకోవడం. 10 ఏళ్ళు దాటాక చూపించండి, మధ్యలో ఒక శవం చేతిలోంచి పుస్తకం లాక్కునే కామెడీ ఉంటుంది, అది కొంచెం అతి.

ఇది అమెరికా వాళ్ళ పైత్యం అనుకోకండి. మనం చంటిపిల్లలకి పూతన కథ చెప్తాం. అందమైన అమ్మ వేషంలో వచ్చి, చంకనేసుకుని, విషం పూసుకున్న పాలు ఇచ్చే రాక్షసి. ఉయ్యాల్లో పిల్లకి చెప్తాం అది, నవ్వుతూ చెప్తాం. గుండీ కళ్ళ అమ్మకీ పూతనకీ తేడా ఏముంది చెప్పండి. తేడా ఒక్కటే, పూతన కథ నానమ్మ ఒళ్ళో విన్నాం, మొహం మనమే ఊహించుకున్నాం, భరించగలిగినంతే ఊహించుకున్నాం. సినిమాలో ఆ మొహం వేరేవాళ్ళు చేసి చూపిస్తారు, అది తగ్గించుకునే వీలు పిల్లకి లేదు. నేను వయసు పట్టుకుని కూర్చునేది అందుకే, కథ చెడ్డదని కాదు.

వీళ్ళు ఇలా తీయగలగడానికి ఇంకో మొరటు కారణం ఉంది, డబ్బు. ఒక యానిమేటర్ వారమంతా కష్టపడితే కొన్ని సెకన్ల సినిమా వస్తుంది, సెకనుకి 24 ఫ్రేములు, ప్రతి ఫ్రేముకి బొమ్మని చేత్తో జరపాలి, ఒక సినిమాకి ఏళ్ళు పడుతుంది. మామూలు నిర్మాత అయితే రెండో సినిమాకే "కాస్త పాటలు పెట్టండి, ఒక మాట్లాడే కుక్క పెట్టండి" అనేవాడు. వెనక నైకీ డబ్బు ఉంది కాబట్టి అనేవాడు లేడు. మిస్సింగ్ లింక్ ఖర్చు 10 కోట్ల డాలర్ల దాకా అయితే థియేటర్లలో వచ్చింది దాదాపు రెండున్నర కోట్లే. అయినా స్టూడియో మూతపడలేదు, తర్వాతది వైల్డ్‌వుడ్ మొదలుపెట్టారు. 5 సినిమాలకీ ఆస్కార్ నామినేషన్ వచ్చింది, ఒక్కదానికీ ఆస్కార్ రాలేదు, మిస్సింగ్ లింక్‌కి గోల్డెన్ గ్లోబ్ ఒకటి దక్కింది. తమాషా ఏంటంటే కోరలైన్‌ని 15 ఏళ్ళ తర్వాత 2024లో మళ్ళీ థియేటర్లలో వేస్తే 5 కోట్ల డాలర్లకి పైనే వచ్చాయి. అప్పట్లో చూసి దుప్పటి కప్పుకున్న పిల్లలే ఇప్పుడు టికెట్లు కొన్నారు.

చూపించే రోజు వచ్చాక కొన్ని పనికొచ్చే ముక్కలు, నేను ఇప్పుడు పాటించేవి:

మధ్యలో ఆపకండి. భయపడిందని పెట్టె సీన్ దగ్గర ఆపేసి పడుకోబెడితే కోరలైన్ గెలిచే భాగం పిల్ల చూడదు, ఆ రాత్రి తలలో గుండీలే మిగులుతాయి. మొదలుపెడితే చివరిదాకా, టైమ్ లేకపోతే మొదలే పెట్టొద్దు.

కళ్ళు మూయకండి, అది మన అలవాటు కదా, చెయ్యి అడ్డం పెట్టేస్తాం. అడ్డం పెడితే వెనక ఏముందో పిల్ల ఊహించేది తెరమీద దానికంటే పెద్దగా ఉంటుంది. బదులుగా ఇది దేంతో చేశారో చెప్పండి. కోరలైన్‌లో గులాబీ రంగు పూల చెట్లు వస్తాయి, ఆ పూలు పాప్‌కార్న్, నిజం పాప్‌కార్న్‌కి రంగేసి అతికించారు. కోరలైన్ వేసుకున్న స్వెటర్ ఆల్తియా క్రోమ్ అనే ఆవిడ తీగలంత సన్నటి సూదులతో అల్లింది. మా వర్క్‌షాప్‌లో ఈ రెండూ ముందే చెప్పేస్తా, పిల్లలు సగం సినిమా పాప్‌కార్న్ వెతకడంలోనే ఉంటారు, భయం దానంతటది సగమైపోతుంది.

ఇంకోటి, కింద పోర్షన్‌లో ఉండే ఇద్దరు ముసలి నటీమణులు స్టేజ్ మీద చాలా తక్కువ బట్టల్లో వచ్చే సీన్ ఒకటి ఉంది. కామెడీకే గానీ, నానమ్మ తాతయ్య పక్కన కూర్చుంటే రిమోట్ ఎక్కడుందా అని మీరు వెతుక్కోవాల్సి వస్తుంది. తర్వాత నన్ను తిట్టుకోకుండా ముందే చెప్తున్నా.

చివరగా, మీరు అడగలేదు గానీ ఇది జరిగే అవకాశమే ఎక్కువ: మీరు వద్దన్నారని పాప ఆ ఫ్రెండ్ ఇంట్లో చూసేసి వస్తుంది. అలా జరిగితే తిట్టకండి, "ఏం లేదు, అది బొమ్మ, పడుకో" అని కూడా అనకండి. కాగితం, క్రేయాన్లు ఇచ్చి ఆ అమ్మ ఎలా ఉందో గీయమనండి, గీశాక కళ్ళు మార్చమనండి, కోడిగుడ్డంత కళ్ళు పెట్టమనండి, కాటుక పెట్టమనండి, మీసాలు పెట్టినా సరే. మావాడికి గుండీల గొడవ తగ్గింది అలాగే, నెల తర్వాత నేను మట్టితో ఒక గుండీ కళ్ళ బొమ్మ చేసి ఇస్తే వాడే ఆ గుండీలు పీకేసి, నా డబ్బాలోంచి రెండు గాజు కళ్ళు తెచ్చి పెట్టాడు, ఒకటి నీలం, ఒకటి గోధుమ రంగు. ఆ బొమ్మ ఇప్పటికీ ఫ్రిజ్ మీదే ఉంది, మా అత్తయ్య దాన్ని చూసినప్పుడల్లా తీసి అవతల పారేయండర్రా అంటుంది.